వెనక్కి జరిపిన సీటు

"ఏవండీ, మీ లైసెన్సు గడువు దాటిపోయిందిగా. ఇవాళ్టికి అమ్మాయిని క్లాసు నుంచి నేను తీసుకొస్తాను. మీరు ఎక్కడైనా గుద్దితే మన గతేం కాను?"

వంకాయలు తరుగుతూ, కత్తిపీట మీద నుంచి కళ్ళు ఎత్తకుండానే అంది ఆమె. తాళాలు వేలికి తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడిన భర్త వెనక్కి చూశాడు. "నీ నోట ఒక్కసారైనా మంచి మాట రాదా? గుద్దకముందే గుద్దించేస్తున్నావు. నీకు కంగారెక్కువ" అని వెళ్ళిపోయాడు.

కూర పొయ్యి మీద ఉండగానే ఫోను మోగింది. "ఏం కాలేదు, స్తంభానికి కాస్త తగిలింది" అన్నాడు. ఆయన కాస్త అంటే ఎంతో ఇంటికొచ్చాక తెలిసింది. హెడ్‌లైటు పగిలిపోయింది, బంపరు వేలాడుతోంది, రేడియేటర్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఫోన్లో మాట్లాడుతూ మలుపు తిప్పాడట. ముందు సీట్లో కూర్చున్న కూతురి నుదుటి మీద బొప్పి. పిల్లని ఒళ్ళోకి లాక్కుని మంచుముక్క అద్దుతుంటే, "సంతోషమా? నువ్వన్నట్టే అయింది" అన్నాడు. ఆమెకే అనుమానమొచ్చింది. నిజంగానే తన నోరు అలాంటిదా? జరుగుతుందేమోనన్న చెడ్డని ముందే పైకి అనేస్తే అది సిగ్గుపడి రాకుండా పోతుందని ఆమెకి చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం. పిల్లకి జ్వరమొస్తుందేమో అనేది, గ్యాసు కట్టెయ్యలేదేమో అనేది. రాని జ్వరాల లెక్క ఎవరూ పెట్టలేదు. వచ్చిన ఈ ఒక్కటీ ఆమె ఖాతాలో పడింది.

చేతులు కడుక్కుని వచ్చి, ఎన్నడూ లేనంత మెత్తగా అడిగాడు. "నీ లైసెన్సు బాగానే ఉందిగా?"

ఆమెకి ముందు అర్థం కాలేదు. "నేను నడిపానంటే ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళు క్లెయిము ఇవ్వరు. నువ్వు నడిపావని చెబుదాం. ఒక్క సంతకం, అంతే. సొంతంగా బాగుచేయించే స్తోమత మనకుందా?" లేదు. అదీ ఆమెకే బాగా తెలుసు. కారు లేకపోతే ఊరవతల పిల్ల క్లాసుకి బస్సు లేదు, అత్తగారిని ఆస్పత్రికి తిప్పడానికి ఇంకో దారి లేదు. ఆ రెండు పనులూ చేసేది తనే. గ్యాసుబండ వస్తే పెట్టినట్టే సంతకం పెట్టేసింది. ఆ సాయంత్రం కూతురికి జడ విప్పుతూ, "ఎవరైనా అడిగితే అమ్మే నడిపిందను తల్లీ" అంది. పిల్ల అద్దంలోంచి ఆమెని చూసింది. ఆ రోజు నుంచి ఆ సంగతి మీద ఆ పిల్ల నోరు మెదపలేదు.

ఇక క్లెయిము పనంతా ఆమె నెత్తినే పడింది. గుద్దింది ఆమె కదా మరి. తను పనిచేసే మందుల షాపులో బిల్లులు కొడుతూ చెవికి ఫోను ఆనించుకుని, లైన్లో ఉండమని కంపెనీ వాళ్ళు పెట్టే పాట వినేది. పాట మధ్యలో షాపు ఓనరు, "కారు నేర్చుకోమని ఎవరు చెప్పారమ్మా నీకు?" అనేవాడు. షెడ్డుకి వెళ్తే మెకానిక్, "ఆడవాళ్ళ చేతిలో బండ్లే మాకు అన్నం పెడుతున్నాయి మేడమ్" అని నవ్వేవాడు. మరిది ఫోను చేసి, "ఏం వదినా, స్తంభం పక్కకి జరగలేదా?" అంటే ఇంట్లో అందరూ నవ్వారు. భర్త మొదట్లో మాట కలపడానికి నవ్వినట్టే ఉండేది. పోనుపోను మనస్ఫూర్తిగానే నవ్వుతున్నాడు. అత్తగారు గదిలోంచే, "ఇంక దాని చేతికి తాళాలివ్వకురా, పిల్లని చంపుకుంటుంది" అంది. తాళాలు ఆయన చొక్కా జేబులోకి వెళ్ళాయి.

"అత్తయ్యకైనా నిజం చెప్పండి" అని వంటింట్లో బతిమాలింది.

"ఆవిడ నోరు ఆగుతుందా? ఊరంతా చాటింపు వేస్తుంది. పనయ్యేదాకా ఓపిక పట్టు."

ఓపిక పట్టింది. అది ఆమెకి కొత్త కాదు. కానీ ఒక సాయంత్రం ఆరిన బట్టలు మడతపెడుతుంటే, మంచం మీద పడుకుని ఉన్న ఆయన, "నువ్వు గుద్దినప్పటి నుంచీ ఆటోలకే తగలేస్తున్నాం" అన్నాడు. ఆమె చేతిలో దిండుగలీబు అలాగే ఉండిపోయింది. గదిలో ఇద్దరే ఉన్నారు. నమ్మించాల్సిన మనిషి ఎవరూ లేరు. ఆయన ముఖంలోకి చూసింది. అబద్ధమాడుతున్న ముఖం కాదది. ఆయనకి నిజంగానే అలా గుర్తుండిపోయింది. అప్పుడు పట్టుకుంది ఆమెకి అసలు భయం. ఆ వేళ స్తంభం దగ్గర తను లేదని, వంటింట్లో కత్తిపీట ముందు ఉందని చెప్పగలిగిన మనిషి లోకంలో ఇంక ఒక్కతే మిగిలింది. నుదుటి మీద బొప్పి తగ్గుతున్న కూతురు. దానికి తెలుసు చాలు, అనుకుంటూ రోజులు నెట్టింది. అడగడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

నష్టం లెక్కగట్టే కంపెనీ సర్వేయరు షెడ్డుకి వచ్చిన రోజు ఇంటిల్లిపాదినీ రమ్మన్నాడు. అత్తగారొక్కతే ఇంట్లో ఉండిపోయింది. సర్వేయరు బంపరు ఫోటోలు తీసి, డ్రైవరు వైపు తలుపు తెరిచి, కాసేపు లోపలికి చూశాడు.

"అమ్మా, ఒకసారి కూర్చోండి."

కూర్చుంది. ఆమె పొట్టి మనిషి. నడిపిన ప్రతిసారీ సీటు ఇంక జరగనంత ముందుకి లాక్కుని, కింద దిండు వేసుకుంటుంది. "ఇదేమన్నా బొమ్మ కారా?" అని భర్త ప్రతి పొద్దునా గొణుక్కుంటూ వెనక్కి తోసేవాడు. ఇప్పుడు సీటు ఆయన వెనక్కి తోసిన చోటే ఉంది, దిండు ఇంట్లో అలమరలో ఉంది. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

"బ్రేకు నొక్కండి."

నడుము కిందికి జారవిడిచింది. బొటనవేలు అందింది. కళ్ళ ముందు రోడ్డుకి బదులు స్టీరింగు వచ్చింది. మెకానిక్ కిసుక్కున నవ్వి ఆపుకున్నాడు.

"ఇలా కూర్చునే నడిపారా?" సర్వేయరు ఆమెని అడిగి, ఆయన వైపు తిరిగాడు. "అసలు ఎవరు నడిపారు సార్?"

మాటలకి ఏనాడూ తడుముకోని మనిషి రేకుల పైకప్పు వైపు చూడసాగాడు. ఆమె మనసులో ముసురుకునే భయాలన్నీ ఏమైపోయాయో, ఒక్కటీ రాలేదు. క్లెయిము పోతే పోనీ. కారు ఈ షెడ్డులోనే తుప్పు పట్టనీ. ఇంట్లో ఎన్ని మాటలైనా పడతాను. నేను కాదు, అన్న మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఆ మాట తను అంటే, భయస్తురాలు ఇప్పుడు తప్పించుకుంటోంది అంటారు. ఎవరైనా తన తరఫున అనాలి. జీవితంలో ఒక్కసారి ఇంకెవరైనా అనాలి. తలుపులోంచి కూతురి వైపు చూసింది.

పిల్ల ఫోను మీద నుంచి తలెత్తింది. తండ్రిని చూసింది. సీట్లో జారిపోయి, బొటనవేలితో బ్రేకు పట్టుకుని ఉన్న తల్లిని చూసింది. పక్కన రేకు కొడుతున్న సుత్తి కూడా ఆగింది. చెప్పు తల్లీ, అని ఆమె కళ్ళతోనే అంది.

"అమ్మే అంకుల్" అంది పిల్ల. అంతవరకూ తల్లి నేర్పిందే. మిగిలింది ఎవరూ నేర్పలేదు. "అమ్మ దిగిపోయాక కారు పక్కకి తీయడానికి నాన్నే సీటు వెనక్కి జరిపారు." అని ఆగి, అచ్చం తండ్రిలాగే పెదవి ఒక పక్కకి లాగి నవ్వింది.

"మా అమ్మకి కంగారెక్కువ."