నోటుపుస్తకంలో మూడు

వడియాల చాప మీద మామిడాకులు ఆరబోశారని సుబ్బాయమ్మ పొద్దున్నే భర్తతో పేచీ పెట్టుకుంది. ఇంట్లో ఇంకో చాపే దొరకలేదా అని ఆవిడ, వడియాలు రేపు పెట్టుకుంటే కొంప మునిగిపోతుందా అని ఆయన. "ఆకులు మీకు ఎక్కువైపోయాయి, నేను లోకువైపోయాను" అని ఆవిడ మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. కోడలు సరోజ నవ్వబోయి, కడుపులో మెలిపెట్టేసరికి గోడ పట్టుకుంది.

ఆ ఆకులు ఆమె కోసమే. పెద్దపేగు నిండా పుళ్లు. రెండేళ్లుగా రక్తం పోతోంది. పేగు తీసేసి, మలం పోవడానికి పొట్టమీద సంచీ కట్టాలనీ, జాగు చేస్తే ప్రాణానికే ముప్పనీ విశాఖ డాక్టరు చెప్పాడు. ఇరవై మూడేళ్ల పిల్లకి సంచీ ఏమిటని మామగారు ఉమాపతి కుంగిపోయారు. బందరు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, రిటైరై నూజివీడు చేరిన మనిషి. రెడ్డిగూడెం తోటల నుంచి ఆకు తెప్పించి, స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, పసుప్పచ్చని పొడి తీశారు. ముందు ఎలకల మీద, తరవాత తన మీద పరీక్షించుకున్నారు. ఆరు వారాలు ఈ పొడి తప్ప మరో మందు లేకుండా చూద్దామని డాక్టర్ని ఒప్పించారు.

రోజూ పొద్దున్నే వసారాలో నోటుపుస్తకం తెరిచి, ఆమె మొహం చూడకుండా, నిన్న ఎన్నిసార్లు వెళ్లావమ్మా అని అడిగేవారు. మొదటివారం నిజమే చెప్పింది. తొమ్మిది అన్న రోజున ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయారు. మర్నాడు ఏడంది. తరవాత అయిదు. మూడు అన్ననాడు ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇంటిపెద్ద స్వయంగా చేసిచ్చిన మందు గుణమివ్వలేదని ఏ కోడలు అనగలదు? పొడి పనిచెయ్యదని మూడోవారానికే ఆమెకి తెలిసిపోయింది. నిన్న పదకొండుసార్లు. అంతా రక్తమే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉమాపతి డాక్టరు ఉత్తరం గురించి చెప్పారు. తను రాసి పంపిన సరోజ లెక్కలు చూసి డాక్టరుకి నమ్మకం కుదిరిందట. వార్డులో ఇదే జబ్బుతో ఉన్న పదేళ్ల పిల్లకి సోమవారం నుంచి మాత్రలు ఆపించి, ఈ పొడి మొదలుపెడతాడట.

"ఇంక మన రైతులు కాయలు మానేసి ఆకులమ్ముకుంటారు నాన్నా" అన్నాడు సరోజ భర్త భానుమూర్తి.

పప్పు వడ్డిస్తున్న సరోజ చెయ్యి ఆగిపోయింది.

"మావయ్యగారూ, ఆ పిల్ల మాత్రలు ఆపొద్దని ఇవాళే టెలిగ్రాం ఇవ్వండి. నిన్న నాకు మూడుసార్లు కాదు, పదకొండు. నెల్రోజులుగా మీకు చెప్పినవన్నీ అబద్ధాలే."

ఉమాపతి కలిపిన ముద్ద విస్తట్లోనే ఉండిపోయింది. భానుమూర్తి ఆమె చేతివంక చూశాడు. గాజులు మణికట్టు దాటి జారిపోతున్నాయి. ఆమె అంత చిక్కిపోయిందని ఇన్నాళ్లూ అతని కంటబడనేలేదు.

"ఇప్పటికే ఆలస్యమైపోయిందేమో" అంది సరోజ. "అయినా రేపటి రైలుకి విశాఖ వెళ్తాను. పేగు తీసెయ్యమంటాను."