గంజి విరగని గొంగడి

జొన్న కోసిన చేను ఎక్కడితో అయిపోతుందో, మంచు ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. స్వరూప నడుస్తూ ఉంది. కాళ్లకు చెప్పులు లేవు, కోసిన జొన్న మోళ్లు అరికాళ్లకు గుచ్చుకోవాలి, కాని గుచ్చుకోవడం లేదు. ఒక పాదం మంచులో తడిసి కొంకర్లు పోతుంటే రెండో పాదం మాత్రం, ఎందుకో, అప్పుడే ఆరిన పొయ్యి బూడిదలో పెట్టినంత వెచ్చగా ఉంది. అదేమీ వింత కాదన్నట్టు ఆమె నడుస్తూనే ఉంది, ఎందుకంటే ఎదురుగా, చేను నడిమధ్యలో, పోయిన వానాకాలం మట్టిలో పెట్టి వచ్చిన తండ్రి గట్టయ్య గొంగడి కప్పుకుని, గొంతుకూర్చుని, కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతున్నాడు.

ఆయన ఒళ్లో ఉన్ని లేదు. పక్కనున్న మంచులోంచే చిటికెడు తీసి, వేళ్లతో సాగదీసి, కదురుకు అందిస్తున్నాడు. అది నల్లటి దారమై చుట్టుకుంటోంది. తెల్లటి మంచు నల్లటి దారం ఎట్లా అవుతుందని అడగాలనుకుంటుంది స్వరూప, కాని బడిలో సారు పాఠం చెబుతుండగా మధ్యలో అడగకూడదు కదా, అందుకని ఊరుకుంటుంది.

"వచ్చినవా బిడ్డా" అంటాడు తండ్రి తల ఎత్తకుండానే. "దారిల మంద కానచ్చిందా?"

"మంద ఇప్పుడు మనది గాదు బాపు. పెద్దబాపు కొడుకు తోలుకపోయిండు. అవ్వతోని, నాతోని కాసుడు యాడైతది?"

ఈ మాట తండ్రికి చెప్పుకోవడం ఎట్లాగని ఆమె ఇన్నాళ్లూ లోపల్లోపల కుములుతూ వచ్చింది. తీరా చెప్పాక చూస్తే ఆయన చేతిలో కదురు ఆగనైనా ఆగలేదు.

"గొర్లకేంది, ఎవల ఎంబడైన పోతయి. ఆడు పోయిండా?"

ఆడంటే కర్రెగాడు. మెడ కింద చారెడు తెలుపు తప్ప ఒళ్లంతా నల్లటి కుక్క. పిల్లప్పటినుంచి గట్టయ్య మంద వెంట తిరిగి, రాత్రిళ్లు దొడ్డికి కాపలా పడుకుని, ఇప్పుడు మూతి నెరిసి, వెనక కాళ్లు వణికే వయసుకొచ్చినవాడు. మందతో పాటు వాణ్నీ తోలుకుపోతే వారం తిరక్కముందే తాడు కొరుక్కుని వచ్చేసి, గొర్లు లేని దొడ్డిలో ఎప్పుడూ పడుకునే మూలలోనే ముడుచుకున్నాడు.

"మల్లొచ్చిండు. ఉత్త దొడ్డికి కావలి పండుకుంటున్నడు. ఆని కోసమే నీ దగ్గరికొచ్చిన బాపు" అంటుంది స్వరూప. అన్నాకగాని తాను ఇంత దూరం ఎందుకు నడిచివచ్చిందో ఆమెకే గుర్తు రాలేదు. "ఈ సలికి ఆడు బతుకడు. మొన్న బస్టాండు కాడి కుక్క పొద్దుగాల లేవనే లేదు. కట్టె లెక్క బిగుసుకపోయింది."

ఆ మాట పూర్తయ్యేసరికి కాళ్ల కింద చేను లేదు, ఊరి బడి వరండా ఉంది, ఆ నున్నటి గచ్చు ఉంది. తరగతి గది నిండా గొర్లు, వరసల్లో, తలలు వంచుకుని కూర్చున్నాయి. వాటి ఊపిరి పొగలా లేచి నల్లబల్లను కప్పేస్తోంది. సారు వస్తే కోప్పడతాడని స్వరూపకు భయం. ఎన్నడూ బడి గడప తొక్కని తండ్రి మాత్రం, అది రోజూ ఉన్న అలవాటే అన్నట్టు, సారు కుర్చీలో కాళ్లు మడిచి కూర్చుని గొంగడి సర్దుకుంటున్నాడు.

"మరి ఏం జేసినవు ఆనికి?" అంటాడు పాఠం అప్పజెప్పమన్నట్టు.

ఆమె చేతులు కట్టుకుని నిలబడి చెబుతుంది. "నేల సల్లదనం ఎక్కకుంట ఎండుగడ్డి మందంగ పరిచిన. దాని మీద గోనెసంచి ఏసిన. మాపటికి జొన్న గట్క ఎచ్చగ జేసి, ఇంత నూనె సుక్క కలిపి పోస్తున్న. తాగనీకి గోరెచ్చటి నీళ్లు పెడ్తున్న."

"మంచిగనే జేసినవు. పొద్దుగాల తుడుస్తున్నవా? మంచు తడి మీదనే గాలి తాకితె అప్పుడు గుంజుతది సలి."

"తుడుస్తున్న. నా పాత చున్నీతోని."

"గడ్డి యాడ పరిచినవు?"

"ఇంట్ల, మన అర్రల, తలుపు పక్కన."

"అర్రల ఆడెప్పుడు పండుకున్నడే పిచ్చిదాన?"

"కట్టేసి చూసిన. ఊరంత లేచెటట్టు ఏడ్చిండు, ఇడిశిపెట్టిన. తలుపు తీసిపెట్టి పంటున్న, ఎప్పుడన్న వస్తడేమోనని."

అప్పుడు తండ్రి మొదటిసారి తల ఎత్తుతాడు. ఆ ముఖం ఆయనదే, కాని ఆమె చూసిన ప్రతిసారీ వేరే వయసులో ఉంటోంది. ఒకసారి గడ్డం నెరిసి ఉంది, ఒకసారి ఆమెను భుజాల మీద ఎక్కించుకుని జాతరకు తీసుకుపోయిననాటి నల్లటి మీసాలతో ఉంది.

"ఇంత సలిల తలుపు తీసా? అవ్వ ఏమంటలేదా?"

"అవ్వ లేదు. అక్క కానుపుకు పోయింది. పురుడెల్లినంక వస్తది."

"ఒక్కదానివే ఉంటున్నవా?"

"కర్రెగాడున్నడు గద."

"ఆడు దొడ్ల. నువ్వు అర్రల."

తరగతి గదిలో ఒక గొర్రె దగ్గుతుంది, ముసలి మనిషి దగ్గినట్టు, ఆపుకుని, మళ్లీ దగ్గుతుంది. ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు ఎవరైనా ఇట్లా దగ్గితే బాగుండునని, ఏదో ఒక చప్పుడు వినబడితే బాగుండునని ఈ మధ్య సాయంత్రాలు తానెంతగా ఎదురుచూస్తోందో స్వరూపకు గుర్తొస్తుంది, కాని అది ఎవరికైనా చెప్పే విషయంలా అనిపించదు.

"దొడ్లనే నెగడు ఏద్దామనుకుంటున్న" అంటుంది.

"వద్దు వద్దు. ముసలోళ్లను మంట పక్కన పండనియ్యద్దు. బొచ్చు కాలేదాక తెల్వదు."

"నీ లెక్కనే."

గట్టయ్య నవ్వుతాడు. నవ్వి, గొంగడి అంచు పైకెత్తి, ఎప్పుడో చలిమంట దగ్గర కునుకు తీస్తుండగా నిప్పు పడి కాలిన చిల్లు చూపిస్తాడు. ఆ చిల్లులోంచి చూపుడువేలు బయటపెట్టి, ఆమె చిన్నప్పుడు నవ్వించడానికి ఆడించినట్టే ఆడిస్తాడు. స్వరూపకు నవ్వు రాదు. వాళ్ల కులంలో మనిషి పోతే ఆయన కప్పుకున్న గొంగడినే మీద కప్పి సాగనంపుతారు. ఆ రోజు పెద్దవాళ్లు అన్నీ పద్ధతి ప్రకారమే చేశారు. ప్రతి చలికాలం ఆ గొంగడి అంచు కింద మూతి దాచుకుని పడుకున్నవాడు ఒకడున్నాడని, వాడు దొడ్డి దగ్గర నిలబడి చూస్తున్నాడని, ఎవరికీ తోచలేదు.

"ఆ గొంగడి ఇయ్యి బాపు" అంటుంది. "నీకిగ సలి లేదు గద. ఆనికి కప్పుత. ఎండకాలం రాంగనే తెచ్చిస్త."

"తీసుకో. నేనొద్దంటున్ననా?"

ఆయన భుజం మీద నుంచి గొంగడి తీయబోతాడు. అది రాదు. స్వరూప కూడా దగ్గరికి పోయి రెండు చేతులా పట్టి లాగుతుంది, ఎంత లాగితే అంత బరువవుతుంది, మడతల్లోంచి మట్టి రాలి గచ్చు మీద కుప్పగా పడుతుంది, తడి మట్టి, వానాకాలపు మట్టి, దాంట్లో అప్పుడే మొలకెత్తిన గడ్డి పోచలు. తండ్రి ఆ మట్టిని చూసి, తప్పు చేసిన పిల్లవాడిలా పాదంతో పక్కకు నెడతాడు.

"ఇది ఇగ రాదు బిడ్డా. కొత్తది నేయించినవు గద, అదేమైంది?"

ఆయనకెట్లా తెలుసని ఆమె అడగదు. "మంద పొయ్యేముందు కత్తిరించిన ఉన్నితోనే నేయించిన. మన గొర్లదే గద, ఆడు గుర్తు పడ్తడనుకున్న. గడ్డి మీద పరిస్తే ఒక్కసారి వాసన చూసి, లేచి దొడ్లకు పోయిండు."

"గంజి పెట్టిండ్రా దానికి?"

"చింతగింజల గంజి. పెట్టకుంట నేస్తరా ఎవలన్న? మడత ఇప్పితె తడక లెక్క నిలవడ్తున్నది."

"మరింకేంది. నేను కొత్త గొంగడి కప్పుకున్న యాడాది ఆడు నా మీదికే వచ్చిండు, ఎవడో దొంగోడు మందల జొర్రిండని. మీ అవ్వ పొట్ట పట్టుకోని నవ్వింది, యాదికి లేదా?"

"మరి ఏం జేసినవు?"

"ఏం జేస్త? కప్పుకోని తిరిగిన. నా సెమట తాకింది, వాన తాకింది, గంజి విరిగి మెత్తగైంది. అప్పుడొచ్చి అంచు మీద పండుకున్నడు. నువ్వు కప్పుకున్నవా ఒక్క పొద్దన్న?"

"ఆని కోసం నేయించింది నేనెందుకు కప్పుకుంట?"

"ఎవలూ కప్పుకోంది, అది మనదని ఆనికెట్ల తెలుస్తది?"

"ఆడపిల్ల గొంగడి కప్పుకుంటె నవ్వుతరు బాపు."

"ఎవలు నవ్వుతరు? ఇంట్ల ఎవలున్నరు?"

ఆయన వెక్కిరించడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు కూడా. స్వరూప గచ్చు మీద కూలబడుతుంది. చల్లదనం నడుము దాకా ఎక్కుతోంది, ఆ ఒక్క పాదం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది, ఇంతలో భుజాల మీద ఏదో గరుకుగా, బరువుగా పడుతుంది, పుల్లటి గంజి వాసన ముక్కుకు తగులుతుంది. తండ్రి తనది ఇచ్చేశాడేమోనని తల ఎత్తి చూస్తుంది. ఆయన గొంగడి ఆయన మీదే ఉంది. ఆయన లేచి నిలబడ్డాడు. గొర్లు కూడా లేచి, ఒకదాని వెనక ఒకటి, ఆమె పక్క నుంచి రాసుకుంటూ వరండా దిగి పోతున్నాయి, దిగిన ప్రతి గొర్రె మంచయిపోతోంది.

"నువ్వే రారాదు బాపు? నువ్వు పిలిస్తె అర్రలకొస్తడు."

"నాకీడ మంద ఉన్నది గదనే."

"ఒక్కసారన్న పిలువు."

గట్టయ్య వరండా మెట్టు మీద ఆగి, నాలుకను అంగిలికి కొట్టి, రోజూ పొద్దుగూకేవేళ దొడ్డి తడిక మూసేటప్పుడు కుక్కను పిలిచే ఆ చప్పుడు చేస్తాడు, రెండుసార్లు, మెల్లగా. తర్వాత ఆయన నిలబడ్డ చోట మంచు తప్ప ఏమీ లేదు, స్వరూప లేవబోతుంది, వెచ్చటి పాదం లేవనివ్వదు.

మెలకువ వచ్చింది. ఓరగా తీసి ఉన్న తలుపు సందులోంచి తెల్లవారుజాము వెలుతురు బూడిదరంగులో పడుతోంది. తల దగ్గర మడతపెట్టి ఉంచిన కొత్త గొంగడి ఆమె గదవ దాకా ఉంది. నిద్రలో చలికి తానే లాక్కుని కప్పుకున్నట్టుంది, దాని బిరుసు అంచు మెడకు గీరుకుంటోంది. ఒక పాదం గొంగడి బయటపడి రాయిలా చల్లబడింది. రెండోది కదలడం లేదు.

స్వరూప మెల్లగా తల ఎత్తి చూసింది. తలుపు పక్కన పరిచిన గడ్డి పరిచినట్టే ఉంది. గొంగడి చివర, ఆమె పాదానికి వీపు ఆనించి, తోకలో మూతి పెట్టుకుని కర్రెగాడు పడుకుని ఉన్నాడు. వీపు మీద మంచు తడి ఇంకా ఆరలేదు. తుడవాలి. కాని లేస్తే గంజి గొంగడి చప్పుడు చేస్తుంది. అందుకని ఆమె, చల్లబడ్డ పాదాన్ని కూడా కొద్దికొద్దిగా వాడి వైపు జరిపి, అట్లాగే పడుకుంది.