పోలిక కోసం ఇచ్చిన నీరు

మతిమరుపు మా ఆయనది, నాది కాదు. ఆయన పేరు ఫిలిప్, ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పాలప్యాకెట్ కోసం వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తాడు. అందుకే శామీర్‌పేటలోని పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లాను. అక్కడ వెన్నులోంచి నీరు తీసి, అల్జీమర్స్ జాడ ముందుగానే పట్టే పరీక్ష చేస్తున్నారు. పోల్చి చూడటానికి అదే ఈడులో జ్ఞాపకం బాగున్న మనిషి నీరు కూడా కావాలన్నారు. మేడ్చల్‌లో మా చర్చివాళ్లందరి పుట్టినరోజులూ నాకు నోటికి వచ్చు. నాకంటే ఎవరు దొరుకుతారని నేనే వంగి కూర్చున్నాను. ఫలితం తెలుసుకుంటారా అంటే, చెప్పండి అన్నాను గొప్పగా.

శనివారం అక్కడి డాక్టరు మనీషా మొదట ఆయనకు చెప్పింది. "మీకు అల్జీమర్స్ లేదండీ. మెదడులో సన్న రక్తనాళాలు మూసుకుపోతున్నాయి, ఈ మరుపు దానివల్లే. బీపీ మందులు మానకండి."

తర్వాత ఆయన్ని బయట కూర్చోబెట్టి నన్ను పిలిచింది. నా నీటిలో అమిలాయిడ్ అనే ప్రొటీన్ తగ్గిందట.

"తగ్గితే మంచిదే గద మేడం?"

"కాదమ్మా. నీటిలో తగ్గిందంటే మెదడులో పేరుకుంటోందని. టౌ అనే ఇంకో ప్రొటీన్ పెరిగింది. ఇది మరీ మొదటి దశ. మరుపు ఎప్పుడు మొదలవుతుందో, అసలు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేం."

నాకు ఏడుపు రాలేదు. బల్ల మీద ఆమె టీ మీగడ కట్టింది. తాగండి మేడం, సల్లారిపోయింది అన్నాను.

సాయంత్రం ఇంట్లో ఆయనకు చెప్పేశాను. "నీకు లేదయ్యా ఆ జబ్బు. నాకే మొదలైందట."

"నీకేంది సత్తమ్మా, నీకెట్లొస్తది?" అని ఫిలిప్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "పరేషాన్ గాకు. నేనున్న గద, నిన్ను నేను జూసుకుంట." ఆ మాట నిలవదని తెలిసినా నా బరువు సగం దిగింది. ఒక్కరికైనా తెలుసు అనుకుని నిద్రపోయాను.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నారు. మగవాళ్ల వైపు నుంచి ఫిలిప్ లేచాడు. ముఖం వెలిగిపోతోంది.

"శామీర్‌పేటల నాకు, మా సత్తమ్మకు పరీక్షలు జేసిన్రు. నాకు ఆ జబ్బు లేదన్నరు. ఆమెకైతే ఎట్లాగు లేనే లేదాయె. దేవునికి స్తోత్రం."

అందరూ స్తోత్రం అన్నారు. రాత్రి నా ఒళ్లో తలపెట్టి ఏడ్చిన మనిషి. నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా ఆయన తలలో మిగల్లేదు.

"సత్తమ్మక్కా, నువ్వు కూడ చెప్పక్కా" అన్నారు పాస్టరుగారు.

సాక్ష్యంలో నేనెన్నడూ అబద్ధం చెప్పలేదు. లేచి నిలబడ్డాను. ఫిలిప్ నా వైపే నవ్వుతూ చూస్తున్నాడు. నిజం చెబితే ఆయన మళ్లీ కొత్తగా వింటాడు, మళ్లీ కొత్తగా ఏడుస్తాడు. రేపు మళ్లీ మరిచిపోతాడు.

"ఔ, ఇద్దరియి మంచిగనే వచ్చినయ్" అన్నాను.