దినుసుల సంచి

ఆ ఇంట్లో జేబులు తడమకుండా ఏ గుడ్డా నీళ్ళలో మునగదు. అమ్మ పనిచేసేది లాండ్రీలో. కౌంటరు మీదికి వచ్చిన ప్రతి ప్యాంటూ, ప్రతి కోటూ జేబులు బయటికి తిరగేసి, పనికొచ్చేది ట్రేలో పెట్టి, చెత్తని బుట్టలో పారేశాకే మిషన్‌లోకి తొయ్యాలి. ఒకసారి ఎవరి జేబులోనో పెన్ను మిగిలిపోయి, కలిసి ఉతికిన తెల్ల చొక్కాలన్నీ నీలంగా తేలాయి. ఆనాటి నుంచి ఆమె చేతులు నిద్రలో కూడా జేబులే వెతుకుతాయి.

అందుకని శనివారం పొద్దున కూతురి గది తలుపు వెనక వేలాడుతున్న గుడ్డ సంచి కనబడగానే చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. సంచిని పాత పేపరు మీద తిరగేసింది. ఓ కాగితం పొట్లం, అందులో పసుపుపచ్చటి పొడి. ఎండిపోయిన మిడత. నలిగిన ఉన్ని ముక్క. వంకర తిరిగిన తీగ. ఎక్కడో రాలిన పావురం ఈక.

అమ్మ ఓ అడుగు వెనక్కి వేసింది. ఆ పొడి మత్తుమందు అయ్యుండాలి. కాకపోతే ఎవరో పిల్లకి చేతబడి నేర్పుతుండాలి. అదీ కాకపోతే ఆ మిడతనుంచి పేరు తెలియని జబ్బేదో ఇల్లంతా పాకుతుండాలి. ఏదో ఒకటేనని సరిపెట్టుకోవడానికి కూడా మనసొప్పలేదు. మూడూ ఒకేసారి జరుగుతున్నాయేమో! కూతుర్ని అడగొచ్చు. కానీ అడిగితే నిజం చెప్పేస్తుందేమోనని భయం. అన్నిటినీ ఓ కవర్లో వేసి, రెండు ముడులు బిగించి, వీధి చివర చెత్తబండిలో తన చేత్తోనే పడేసి వచ్చింది. సంచిని మరిగిన నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ అదే మేకుకి తగిలించింది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం అయ్యేసరికి ముందుగదిలో ఆట మొదలవ్వాలి.

ఆ ఆట నడిపేవాడు అమ్మ తమ్ముడే. బల్ల మీద అట్టముక్క అడ్డం పెట్టుకుని, దాని వెనక నుంచి కథ చెబుతాడు. మిగతావాళ్ళు తలో పాత్రా పట్టి, కూర్చున్నచోటే మాటలతో ఆ కథలో తిరుగుతారు, ఏం జరగాలో పాచికలు వేసి తేల్చుకుంటారు. వారం పొడుగునా డ్రైవింగ్ పరీక్షలు పెట్టడం అతని ఉద్యోగం. అద్దం చూడకుండా మలుపు తిప్పితే సొంత అక్కనైనా ఫెయిల్ చేసే రకం. చేశాడు కూడా. ఆ సంగతి ఆమె మర్చిపోలేదు.

తమ్ముడు లోపలికి వస్తూనే ఈకలు కూరిన చలికోటు విప్పి కుర్చీకి తగిలించాడు. అమ్మ కళ్ళు ముందు కోటు మీదికే పోయాయి.

“ఒరేయ్, భుజం దగ్గర కుట్టు ఊడింది చూడు. ఈకలు బయటికొస్తున్నాయి. షాపుకి తెమ్మని ఎన్నిసార్లు చెప్పాను?”

“వచ్చేవారం తెస్తాలే అక్కా.”

“నీ వచ్చేవారం ఎప్పటికీ రాదు. చివరికి పీకిన కోడిలా తిరుగుతావు.”

వెనకే కూతురి స్నేహితురాలు వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది కాబట్టి ఆ ఇంట్లో అందరికీ ఆమె పళ్ళమ్మాయే. ఆటలో ఆమెది కత్తి తిప్పే సైనికుడి వేషం. కూతురిది ముసలి మంత్రగత్తె. కాలేజీ రోజుల నుంచీ ఆ ముసలిదాన్నే ఆడిస్తోంది. దానికి గూని, నోటిదురుసు, మోకాళ్ళ నొప్పి, అన్నీ తనే కల్పించుకుంది. దాని బొమ్మ గీసి గోడకి అంటించుకుంది.

కూతురు సంచి తెచ్చి బల్ల మీద పెట్టి, మూతి విప్పి చూసింది.

“అమ్మా.”

“ఏంటే?”

“ఇందులో సామానేదీ?”

“అదా? పారేశాను.”

“పారేశావా! గంధకం? మిడత? ఈక?”

“మిడతని ఎవరైనా దాచుకుంటారటే! ఇంట్లో మనుషులున్నారా, బల్లులున్నాయా?”

కూతురు రెండు చేతులతో తల పట్టుకుంది. అమ్మ తెల్లమొహం వేసేసరికి పళ్ళమ్మాయి జాలిపడి విడమరిచి చెప్పింది. “అవన్నీ మంత్రాలకి కావలసిన దినుసులు ఆంటీ. నిప్పు మంత్రానికి గంధకం, గెంతడానికి మిడత, అలాగ. దినుసులు వద్దనుకుంటే మంత్రదండం పట్టుకోవచ్చు. అన్ని మంత్రాలకీ అదొక్కటే చాలు. వేరేచోట్ల అయితే సంచి ఉందని నోటితో చెబితే సరిపోతుంది. ఇక్కడ మాత్రం అన్నీ నిజంగా ఉండాల్సిందే.”

“సంచిలో లేనిది ఆటలో లేదు,” అన్నాడు తమ్ముడు అట్ట వెనక నుంచి. “ఇది నా బల్ల రూలు.”

“బల్ల నాదిరా,” అంది అమ్మ. అని, కూతురి వైపు తిరిగింది. “నువ్వైనా ఓ కర్ర పట్టుకోవచ్చుగా? పీడా విరగడయ్యేది.”

“కర్ర ఎవరైనా లాక్కుంటే? విరిగితే? నదిలో జారిపోతే? అప్పుడు ఒక్క మంత్రం కూడా పనిచెయ్యదు. సంచైతే ఒక దినుసు పోయినా ఇంకోటి ఉంటుందమ్మా.”

అమ్మ తన హ్యాండ్‌బ్యాగు వైపు చూసింది. పక్కవీధికి వెళ్ళినా కొవ్వొత్తీ, ఈలా, తాళాల నకళ్ళూ సంచిలో వేసుకునే మనిషి తను. ఈ పిల్ల ఎవరి పోలికో ఇంకెవర్ని అడగాలి?

“పోనీ ఇప్పుడు కర్రకి మారిపోనివ్వరా,” అంది తమ్ముడితో.

“కుదరదక్కా. ఊరు చేరాకే మారాలి. కిందటిసారి ఆట ఆపేసరికి వీళ్ళు లోయ మీద తాళ్ళ వంతెన మధ్యలో ఉన్నారు. వంతెన మీద బండైనా లేన్ మార్చకూడదు.”

“చస్తే మళ్ళీ బతికిస్తావా?”

“నా ఆటలో చచ్చినవాళ్ళు చచ్చినట్టే.”

“ఆటేగా, పోనీలే,” అంది అమ్మ. కూతురు అరుస్తుందనుకుంది. అరిస్తే బావుండేది. కూతురు ఉత్త సంచిని మడిచి, ఇస్త్రీ మడత మీద వేలితో రుద్దుతూ కూర్చుంది. అప్పుడు తెలిసింది అమ్మకి, తను పారేసింది చెత్త కాదని.

ఆట మొదలైంది. అమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఒకే దిండు గలీబుని పదే పదే రుద్దుతోంది. సైనికుడు గబగబా వంతెన దాటేశాడు. ముసలిది మోకాళ్ళ నొప్పితో ఇంకా నడుస్తోంది. అవతలి గట్టు మీద ఓ రాక్షసుడు గొడ్డలెత్తి తాళ్ళు నరికాడు. పట్టు దొరకాలంటే పాచిక మీద పెద్ద అంకె పడాలి. చిన్నది పడింది.

“పడిపోతున్నావు,” అన్నాడు తమ్ముడు. అతని గొంతులోనూ హుషారు లేదు. “ఏం చేస్తావు?”

“మెల్లగా దిగే మంత్రం చదువుతాను.”

“దానికి ఈక కావాలి తల్లీ.”

కూతురు ఉత్త సంచిని బోర్లించి చూపించింది. తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. “అయితే ముసలామె...”

“ఆగరా!” అని అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టి పరుగున వచ్చింది. తన హ్యాండ్‌బ్యాగు తెచ్చి బల్ల మీద బోర్లించింది. పిన్నీసులు, మాత్రలు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, ఈల, సూది గుచ్చిన దారపు కండె, గొడుగు ఊచ. “ఇన్నిట్లో ఒక్కటీ పనికిరాదా?”

“ఈకే కావాలక్కా. నేనేం చెయ్యను?”

“నువ్వేం చెయ్యవని నాకు తెలుసులే!” అంటూ విసురుగా తిరిగేసరికి కుర్చీకి వేలాడుతున్న కోటు కనబడింది. భుజం దగ్గర చిన్న తెల్లటి ఈక, బయటికి తొంగి చూస్తోంది. అమ్మ రెండు వేళ్ళతో పట్టుకుని సుతారంగా లాగింది. సంచిలో వేసింది. సంచి తీసి తమ్ముడి ముక్కు కింద పెట్టింది.

“అది నా కోటు!”

“నీ కోటే. షాపుకి తెమ్మంటే తెచ్చావా?”

“బయటివాళ్ళు ఆటలో వేలు పెట్టకూడదక్కా.”

“సంచిలో ఉందా, లేదా?”

తమ్ముడు సంచి విప్పి, లైసెన్సు కాగితాలు చూసినట్టు ఒకటికి రెండుసార్లు చూశాడు.

“ఉంది.”

“మరి ఆటలో?”

“...ఉంది.” అట్ట వెనకే నిట్టూర్చాడు. “ముసలామె గాలిలో తేలుతూ, రాక్షసుణ్ణి తిట్టుకుంటూ లోయ అడుగున దిగింది.”

“తిట్లు నేను చెబుతా మామయ్యా!” అని కూతురు కుర్చీలోంచి లేచిపోయింది. పళ్ళమ్మాయి చప్పట్లు కొట్టింది. అమ్మ కుర్చీలో కూలబడి చెమట తుడుచుకుంది. ఎక్కడా లేని ముసలిదాని కోసం ఇంత పరుగు పెట్టింది. ఆ సంగతి తలుచుకుంటే తన మీద తనకే మంట.

“చాలు తల్లీ నీ సంచి. ఊరు చేరగానే కర్రకి మారిపో. నా ఇంట్లో ఇక మిడతలుండవు.”

“మరి ఎవరైనా లాక్కుంటే?”

అమ్మకి కళ్ళకి కట్టింది. లోయ అడుగున, ఒంటరి ముసలిది, మోకాళ్ళ నొప్పి, ఎదురుగా దొంగ. చేతిలో ఒక్క కర్ర. “అవునే... అయితే రెండూ పెట్టుకో.”

“రెండూ కుదరదు,” అన్నాడు తమ్ముడు. “ఏదో ఒకటే. నా బల్ల మీద ముందునుంచీ అంతే. రూల్సు పుస్తకంలో రాసిపెట్టాను.”

“అది రాస్తున్నప్పుడు నీకు మన అమ్మ మోకాళ్ళ నొప్పి గుర్తుకు రాలేదురా?”

అతను రూల్సు పుస్తకంలో తలదూర్చాడు. అమ్మ విసుక్కుంటూ కోటుని ఒళ్ళోకి లాక్కుని, బల్ల మీది సామాన్లోంచి సూదీ దారం వెతుక్కుంది. కుట్టు మూసేముందు తమ్ముడి వైపు ఓరగా చూసింది. అతను అట్ట వెనక తలవంచుకుని ఉన్నాడు. ఇంకో గుప్పెడు ఈకలు లాగి గబుక్కున సంచిలో కుక్కింది.