గాజింట్లో దుప్పటి

ఫెమ్కె ఆ ఇంట్లో అడుగుపెట్టి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఒక్కసారైనా ఒంటరిగా ఆవులించి ఎరగదు. నాలుగు వైపులా నేల నుంచి కప్పు దాకా గాజే. కట్టినవాడు ఆమె మొగుడు రైనౌట్. "మనకు దాచుకోవడానికేముంది?" అని పత్రికలవాళ్లకు చెప్పి మురిసిపోయేవాడు. తను మాత్రం పొద్దున్నే పట్నంలో ఆఫీసుకు పోయేవాడు. అద్దాల వెనక రోజంతా ఉండేది ఆమె.

తెరలు అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. "నా గాజింటికి తెర కట్టడమంటే నా మొహాన ముసుగు వెయ్యడమే."

ఆ మంగళవారం ఆమెకు జలుబు, తలనొప్పి, ఏడుపు కలిసి వచ్చాయి. ఏడవడానికైనా మనిషికి కాస్త చాటు కావాలి కదా! పట్టపగలు పదకొండింటికి స్టూలెక్కి వీధి వైపంతా దుప్పట్లు కట్టేసింది. సోఫాలో ముసుగుతన్ని కరువుతీరా ఏడ్చింది. ఆ తర్వాత హాయిగా నిద్రపోయింది.

వాళ్లుండే డ్రెంటె ప్రాంతపు పల్లెల్లో తెరలు రాత్రిపూట కూడా తీసే ఉంటాయి. పగలు మూశారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని లెక్క. పట్నంలో పుట్టిన ఫెమ్కెకు ఆ ఆచారం తెలియదు.

తలుపు చప్పుడుకు లేచి తీసేసరికి పొరుగింటి ముసలావిడ ఆల్చె. ఒంటిమీద నల్లకోటు, చేతిలో చావింటి పరామర్శకు తెచ్చే కేకు, వెనక వీధి వీధంతా. ఫెమ్కె కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ఇంకేం సాక్ష్యం కావాలి?

"ఎంత పని జరిగింది తల్లీ!" అని ఆల్చె వాటేసుకుంది. "మనిషి చెడ్డవాడేం కాదులే. కాస్త గొప్పలెక్కువ, అంతే."

"ఎవరు?"

"పాపం, మతి పోయింది," అని వెనక ఎవరో గొణిగారు.

అందరూ లోపలికొచ్చి కాఫీ వాళ్లే కాచారు. "మీ ఇంటివైపు చూడకుండా నడిచీ నడిచీ నా మెడ పట్టేసింది. ఇకనైనా తెరలు కట్టుకో అమ్మాయ్," అంది ఆల్చె.

ఫెమ్కెకు సంగతి అర్థమైంది. చెప్పేద్దామనే నోరు తెరిచింది. కానీ మూడేళ్లలో ఆమె బాధ కనిపెట్టినవాళ్లు వీళ్లే. నోరు మూసుకుని కేకు ముక్క అందుకుంది.

అంతలో రైనౌట్ కారు దిగాడు. దుప్పట్లు చూసి ఒంటికాలిమీద లేచాడు. గుమ్మంలో అతన్ని చూడగానే ఆల్చె చేతిలో కప్పు జారిపోయింది.

"నువ్వు బతికే ఉన్నావా?" అంది, కాస్త నిరాశగానే.

అతను ఆమెను పట్టించుకోలేదు. "ఫెమ్కె! ముందు అవి పీకెయ్!"

"పీకను." ఆమె చేతిలో కేకు ముక్క పూర్తి చేసింది. "రేపు మిగతా మూడు వైపులకూ తెరలు కొంటున్నా. ఇష్టమైతే లోపలికి రా. లేదంటావా, నీ పేరున కేకు తినడం కూడా అయిపోయింది."