పటకారు చేతికొచ్చిన ఆదివారం

మా మావయ్య ఒలెగారియో పటకారు ఎవరి చేతిలో పెడితే వాళ్లు ఆ ఇంటికి కట్టుబడిపోయినట్టే. ప్రతి ఆదివారం పెరట్లో నిప్పు రాజెయ్యాలి, ఆవు పక్కటెముకల పలక కాల్చాలి, ఇంటిల్లిపాదికీ పెట్టాలి. జ్వరమొచ్చినా వానొచ్చినా తప్పదు. నిప్పు చూసుకునే మనిషి మా దురాస్నో ఊరు దాటి కాపురం పెట్టడమనేది ఆ వంశంలోనే లేదు.

మా ఆయన అన్న, నెల్సన్ బావగారు ఒక్కడే తప్పించుకున్నాడు. ఒకసారి ఆయన చేతికి పటకారు ఇస్తే మాంసాన్ని బొగ్గు చేసి పెట్టాడు. అప్పట్నుంచి ఆయన్నెవరూ ఏ పనీ అడగరు. రాజధాని మోంతెవిదియోలో హాయిగా ఉన్నాడు, తినడానికి మాత్రం వస్తాడు.

నాకూ ఆ ఊరు వెళ్లిపోవాలనే ఉంది. మా అక్క అక్కడ తన కుట్టు దుకాణంలో నాకు పని చూసిపెట్టి, సోమవారానికల్లా ఔనో కాదో చెప్పమంది. ఆదివారం భోజనాలయ్యాక మావయ్యకు చెప్పేద్దామని నేనూ మా ఆయన విల్సనూ అనుకున్నాం. శనివారం పొద్దున్నే మావయ్య నన్ను పిలిచాడు.

"నెలీదా, నా మోకాళ్లు ఇక నిలబడనివ్వట్లేదమ్మా. రేపు మాంసం నువ్వే తేవాలి, నువ్వే కాల్చాలి. కసాయి కూతురివి, నీకొకరు చెప్పాలా?"

తలూపి లోపలికొచ్చాను.

విల్సన్ నన్ను గదిలోకి లాక్కెళ్లాడు. "మాడ్చెయ్. అన్నయ్య అలాగే కదా బతికిపోయాడు!"

"అంత తేలికైతే నువ్వే మాడ్చరాదూ?"

"నాకెక్కడిస్తాడే? నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదని ఆయనకు తెలుసు."

కసాయి ఎచెవెరి కొట్లో రెండు పలకలు వేలాడుతున్నాయి. ఒకటి ముసలి ఆవుది. ఎముకలు వెడల్పు, కొవ్వు ముదురు పసుపు, మాంసం నల్లబడి అంచులు ఎండిపోయాయి. రెండోది లేత కోడెది. సన్నటి ఎముకలు, వాటిమీద మీగడ రంగు కొవ్వు సమానంగా పరుచుకుని ఉంది. బొటనవేలితో నొక్కితే మాంసం మళ్లీ పైకి లేచింది. నేను గుండె రాయి చేసుకుని ముసలిదాన్నే చూపించాను.

ఎచెవెరి పగలబడి నవ్వాడు. "మీ మావయ్య మీద అంత కోపమేంటమ్మా? మీ నాన్న చూశాడంటే నా కత్తి లాక్కుని నన్నే తరుముతాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. రెండోదే కోయించుకున్నాను. మాంసం మంచిదైతేనేం, మాడ్చడం నా చేతిలో పనే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆదివారం కట్టెలు బాగా కాలాక నిప్పుల్ని పల్చగా లాగి, పలకకు గళ్లుప్పు రాసి, ఎముకలవైపు కిందికి పెట్టాను. ఎక్కువసేపు అలాగే ఉండాలి. ఎముక వేడెక్కి మాంసాన్ని లోపల్నుంచి మగ్గిస్తుంది. తొందరపడి తిప్పితే పైన మాడు, లోపల పచ్చి. వెనక కుర్చీలో మావయ్య కూర్చున్నాడు. ఆ చూపు నా వీపుకి గుచ్చుకుంటూనే ఉంది.

విల్సన్ ఊరికే అటుగా వచ్చినట్టు వచ్చాడు. "ఇంకా మాడలేదేంటే?"

"పో అవతలకి," అన్నాను. అని, ఒక కట్టె తీసి పలక కిందికి తోశాను. మంట భగ్గున లేచింది. కొవ్వు చిటపటలాడి మాడు వాసన కొట్టింది. కళ్లెదుట నా బిడ్డనెవరో కొట్టినట్టు ఒళ్లు మండిపోయింది. ఆలోచన లేకుండా కట్టెను బయటికి లాగి పారేశాను. వేళ్లు కాలాయి. ఇక ఆ పలక మీంచి కళ్లు తిప్పలేకపోయాను. చివర్లో ఒక్కసారే తిప్పాను. ఎముక పట్టి మెలిపెడితే మాంసాన్ని వదిలి చేతికొచ్చింది.

బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో అంతకంటే మెప్పు లేదు. చివరికి నెల్సన్ బావగారు లేచి, "కాల్చిన చేతికి చప్పట్లు!" అని అరిచాడు. అందరూ కొట్టారు. గడ్డం మీద కొవ్వు కారుతుండగా విల్సన్ కూడా కొట్టాడు, అందరూ ఆపాక కూడా కొడుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చేంత సంతోషమేసింది. ఆ సంతోషమే నా కొంప ముంచింది.

మావయ్య పటకారు తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. "వచ్చే ఆదివారం మీ అత్తయ్య చెల్లెలు వాళ్లు కూడా వస్తారట," అన్నాడు.

చెప్పాల్సింది ఇప్పుడే. విల్సన్ బల్ల కింద నా కాలు తొక్కాడు. దుకాణంలో నా కోసం చోటుంచిన అక్క గుర్తొచ్చింది. వెళ్లిపోతున్నాం అనే మాట నాలుక చివరికొచ్చింది. అందరూ నావైపే చూస్తున్నారు.

"అయితే ఒక్క పలక చాలదు మావయ్యా," అన్నాను. "రేపే ఎచెవెరికి చెప్పి ఉంచాలి."

విల్సన్ నా కాలి మీంచి తన కాలు తీసేశాడు.