వేలెడు సందు

నీలం ముక్కను ఎర్ర ఉన్నిలోని ఖాళీలో అమర్చి, బురుల్ రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ముక్క చుట్టూ వేలెడు సందు. పక్కనే పరిచిన నీలం ఉన్నిలో ఎర్ర ముక్క పెట్టబోతే అది అసలు పట్టనే లేదు.

"ఇదేంటి! ఒకటి చాలదు, ఇంకోటి పట్టదు?"

"సలసల కాగే రంగునీళ్ళలో ముంచితే ఉన్ని ముడుచుకుంటుందని తెలీదా నీకు?" అంది సాకిష్.

"తెలుసక్కా. మరి నీకూ తెలుసుగా?"

సాకిష్ కొలబద్ద అందుకుంది. కిర్గిజ్ వాళ్ళ షిర్దక్ తివాచీకి, నేయకుండా తడిపి ఒత్తిన రెండు ఉన్నిపరుపుల్ని ఒకదానిమీద ఒకటి పరిచి, పొట్టేలు కొమ్ముల నమూనాను రెంటినీ కలిపి కోస్తారు. దీని ముక్కలు దాని ఖాళీల్లో, దాని ముక్కలు దీని ఖాళీల్లో కూర్చుంటాయి. ఒక్క కోతకు రెండు తివాచీలు. అయితే రంగులు ముందే వేయాలి. ఈసారి ఎరుపు సిద్ధంగా ఉన్నా, నీలం రంగు కొచ్కోర్ బజారు నుంచి ఆలస్యంగా వచ్చింది. "ముందు తెల్లదే కోసేద్దాం, రంగు తర్వాత వేద్దాం, ఏమవుతుంది?" అంటూ బురుల్ కత్తెర పట్టుకుంది. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన సాకిష్ గీతలు సరిచూసుకుంటూ తలూపింది. డెబ్బై ఆరేళ్ళ ఉల్కాన్ అపా, తన అత్తగారు కూడా ఒకసారి అలాగే చేసిందని చెప్పింది. ఆ తర్వాత ఏమైందో ఎవరూ అడగలేదు.

నాలుగో మనిషి అనిపా మాత్రం ఏమీ అనలేదు. ఆ రోజు ఆమె లోపల ఎక్కడో చిన్న ఇబ్బంది కదిలింది. దానికి మాట దొరికేసరికి కత్తెర మూడో కొమ్ము దాటిపోయింది. ఆమెకు ఎప్పుడూ అంతే. ఆలోచన ముందు వేళ్ళలో పుడుతుంది, మెల్లగా మోచేతి దాకా వస్తుంది, గొంతు చేరేసరికి ఎదుటివాళ్ళు వేరే సంగతిలో ఉంటారు.

అందుకే పన్నెండేళ్ళుగా ఆమెకు ఒకటే పని. ముక్కల అతుకుల మీద కుట్టే అంచుతాడు పేనడం. కిందటి వారం ఆ పనికీ ముప్పు వచ్చింది. "వచ్చే ఏడాది నుంచి తాడు బజార్లో కొనేద్దాం. మిషను మీద పేనింది దొరుకుతోంది. ముగ్గురం చాలు," అంది సాకిష్, టీ కెటిల్ వైపు చూస్తూ. కెటిల్ ఏమీ అనలేదు. అనిపా కూడా ఏమీ అనలేదు. కానీ ఆ మాట ఆమెలో రోజూ తిరుగుతూనే ఉంది. భర్త మందతో కొండ మీద ఉంటాడు. ఇంట్లో ఒక్కతే మౌనంగా ఉండటం ఒకటి, ఈ ముగ్గురి గోల మధ్య మౌనంగా ఉండటం ఇంకొకటి. రెండోది పోతే మొదటిదాన్ని ఎలా భరించాలో ఆమెకు తెలియదు.

ఇవాళ బుధవారం. శనివారం పొద్దున ఈ తివాచీలతో నారిన్ ప్రదర్శనకు లారీ బయల్దేరాలి.

"తడిపి లాగితే సాగుతుంది," అంది బురుల్. అందరికంటే ముందు తనే ఒక చివర పట్టుకుంది. సాకిష్ రెండో చివర పట్టుకుంది. లాగారు. నీలం ముక్క సాగలేదు గానీ సాకిష్ పట్టు జారి, ఇద్దరూ చెరో గోడ దగ్గర కూలబడ్డారు.

"నూటికి ఏడు వంతులు తగ్గింది," అంది సాకిష్ లేవకుండానే.

"లెక్క చెప్తే పెరుగుతుందా?"

"అపా, మీ అత్తగారి కాలంలో ఇలా అయితే ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది సాకిష్.

ఉల్కాన్ అపా కళ్ళు మూసుకుని జ్ఞాపకాల్లో వెతికింది. "కోడల్ని తిట్టేవాళ్ళు."

"తర్వాత?"

"టీ తాగేవాళ్ళు."

ఈలోగా అనిపా నేలమీద బోర్లా పడుకుంది.

"చూశారా, నిద్రపోయింది!" అంది బురుల్.

"పోనీలే, కనీసం ఏమీ కోయడం లేదు," అంది సాకిష్.

అనిపా నిద్రపోలేదు. ముగ్గురూ ముడుచుకున్న నీలాన్నే చూస్తున్నారు. ఆమె చూపు మాత్రం సందు మీద ఉంది. పన్నెండేళ్ళుగా రంగుల్ని వాళ్ళు చూశారు, అతుకుల్ని ఆమె చూసింది. వేలు పెట్టి కొమ్ము చుట్టూ మొత్తం తిప్పింది. వేలు ఎక్కడా ఇరుక్కోలేదు, ఎక్కడా వదులు కాలేదు.

"సందు బావుంది," అంది.

"ఏం బావుందే?"

"అంతటా ఒకేలా ఉంది. అందులో..."

"బంక పోద్దామంటావా?" అంది బురుల్.

"కాదు, అందులో..."

"ఇంకో ముక్క ఇరికిద్దామంటావా?"

"కాదు..."

"మరి ఏమంటావ్, చెప్పవేం?"

సాకిష్ కొలబద్ద నేలకేసి కొట్టింది. "దాన్ని మాట్లాడనీ!"

ముగ్గురూ అనిపా నోటివైపే చూస్తున్నారు. అంతమంది ఒక్కసారి చూసేసరికి ఆమె నోటిదాకా వచ్చిన వాక్యం వచ్చిన దారినే పారిపోయింది. చేసేదిలేక లేచి బుట్టలోంచి నాలుగు తాళ్ళు తీసింది. నాలుగింటినీ కలిపి పేనింది. వేలి లావున తాడైంది. దాన్ని సందులో పెట్టి నొక్కింది. ఎరుపుకీ నీలానికీ మధ్య తెల్లటి గట్టు లేచింది.

"అబ్బ!" అంది బురుల్. వంగి ఆ గట్టు మీద వేలు నడిపింది.

సాకిష్ అప్పటికే కొలుస్తోంది. "నలభై రెండు బారలు కావాలి. రోజుకు ఇరవై ఒకటి. బజారు తాడు అగ్గిపుల్లంత ఉంటుంది, దీనికి పనికిరాదు." చివరి మాట దగ్గర ఆమె గొంతు కొంచెం తగ్గింది.

కొమ్ము మెలిక దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. లావు తాడు వంగక పొడుచుకొచ్చింది. "గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి కుట్టండే. గుడారం పట్టీలు మా అత్త అలాగే కుట్టేది," అంది ఉల్కాన్ అపా.

"ఇంతసేపూ చెప్పలేదేం?"

"మీరు ముక్కల గురించి అడిగారు. తాడు గురించి ఎవరడిగారు?"

పట్టని ఎర్ర ముక్కల్ని చుట్టూ కత్తిరించే పని బురుల్‌ది. సాకిష్ గీసిన గీత మీదే కత్తెర నడవాలని షరతు. బురుల్ గొణుగుతూనే గీత దాటకుండా కోసింది.

శుక్రవారం మధ్యాహ్నానికి రెండు తివాచీలూ పూర్తయ్యాయి. సాకిష్ వాటిని చుట్టి కట్టింది. ఆ కట్టుకే ముడి మీద ముడి వేస్తూ, తలెత్తకుండా అడిగింది: "వచ్చే ఏడాది నువ్వుంటావుగా, అనిపా?"

ఉంటానని అనిపాకు తెలుసు. కానీ కిందటి వారం నుంచి లోపల తిరుగుతున్న 'ముగ్గురం చాలు' అన్న మాట ఇంకా ఆగలేదు. అది ఆగేదాకా జవాబు చెప్పాలనిపించలేదు.

"ఆలోచించి చెప్తా," అంది.

"అయిపోయింది! మేం పోయేలోపు చెప్తావా తల్లీ?" అంది బురుల్.

"నోర్ముయ్," అంటూ సాకిష్ చాప లాగి కూర్చుంది. ఉల్కాన్ అపా అందరికీ టీ పోసింది. నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కల గిన్నె అనిపా ముందుకు జరిగింది. ముగ్గురూ మాట్లాడకుండా ఎదురుచూస్తున్నారు. బురుల్ పెదాలు బిగించి పట్టుకున్న తీరుకు నవ్వొచ్చింది అనిపాకు.

రెండో గుక్కకే ఆమెకు జవాబు గొంతులోకి వచ్చేసింది. అయినా గిన్నెలోంచి ఒక బోర్సోక్ తీసుకుని, మీగడలో నిదానంగా ముంచింది.